తడిగుడ్డకు అరువిచ్చిన గొంతు

ఫిబ్రవరి 4

పెదనాన్నకు,

ఫోను చేస్తే మీకు వినపడదు. మీకు వినపడేలా అరిస్తే ఈ క్వార్టర్స్ మొత్తానికి వినపడుతుంది. అందుకే కాగితం పట్టుకున్నాను. మోకాలికి కట్టు కట్టుకుంటున్నారా, లేక ఎవరైనా చూసి ముసలాడనుకుంటారని విప్పి దాచేశారా?

ఏది ఏమైనా, మిమ్మల్ని తప్ప ఎవరినీ అడగలేని సంగతి ఒకటి వచ్చిపడింది. నేను ఈ లాండ్రీలో చేసేది పంపకాల గుమాస్తా పని అని మీకు తెలుసు. ఆసుపత్రుల నుంచి లారీల్లో దుప్పట్లు వస్తాయి. ఉతికి, ఆవిరితో కాలే పెద్ద రోలర్ల మధ్యగా పోనిస్తే ఇస్త్రీ అయి బయటికొస్తాయి. వాటిని లెక్కపెట్టి లారీ ఎక్కించేది నేను. ఆ రోలర్ ముందు ఒక కడ్డీ ఉంటుంది. పొరపాటున చెయ్యి లోపలికి పోబోతే ముందు కడ్డీకి తగులుతుంది, మిషను ఆగుతుంది. ఊరికే తగిలి మాటిమాటికీ ఆగుతోంది, పని వెనకబడుతోందని మా మేనేజరు ఆ కడ్డీ పీకించి గోడకి ఆనించి పెట్టించాడు. కిందటి నెల రోలర్ దగ్గర పనిచేసే ప్రెస్సక్క చెయ్యి లోపలికి పోయింది. నాలుగు వేళ్లు పోయాయి. ఆ సాయంత్రమే కడ్డీ బిగించి ఫొటో తీసుకున్నారు. అక్కదే అజాగ్రత్త అని రాశారు. మర్నాడు కడ్డీ మళ్లీ గోడకే ఉంది.

ఇదంతా నేను ఆన్‌లైన్లో పనివాళ్లు రాసుకునే పేజీ ఒకటి ఉంటే అందులో రాశాను. నా పేరు పెట్టలేదు. తడిగుడ్డ అని పెట్టుకున్నాను. చాలామంది చదివారు. పైనుంచి భద్రత చూసే ఇన్‌స్పెక్టరు మార్చిలో వస్తానని కబురు పెట్టాడు. ఇప్పుడు భయం ఏమిటంటే, మేనేజరు ఎవరినో కళ్లజోడాయన్ని తెచ్చాడు. పేరు దాచుకున్నా రాత దాగదట, ఒక్కొక్కరి రాతకీ ఒక నడక ఉంటుందట, దాన్ని బట్టి ఎవరు రాశారో పట్టేస్తాడట. మా అందరి సెలవు చీటీలూ రిపోర్టులూ తీసుకెళ్లి ముందేసుకుని కూర్చున్నాడు.

ఇన్‌స్పెక్టరు వచ్చేదాకా నేను దొరక్కూడదు. దొరికితే నన్ను పంపేస్తారు, కక్షతో గుమాస్తా అల్లిన కథ అని చెప్పి ఆయన రాకుండా చేస్తారు. అక్క చెయ్యి అక్క తప్పుగానే మిగిలిపోతుంది. అన్నం సయించడం లేదు పెదనాన్నా.

మీ కందిరీగ

*

ఫిబ్రవరి 9

కందిరీగకి,

ఉత్తరం చేరింది. రెండుసార్లు చదివాను. రెండోసారి కళ్లజోడు పెట్టుకుని చదివాను, అప్పుడు అర్థమైంది. మోకాలు నాది. దాని సంగతి నేను చూసుకుంటాను.

నాకు చదువు లేదు. అయిదులో ఉండగానే మీ తాత నన్ను తీసుకెళ్లి బొగ్గు దగ్గర నిలబెట్టాడు. అయినా నీ ఉత్తరంలో మూడు తప్పులు కనబడుతున్నాయి, చెప్తాను విను.

ఆ పేరు పెట్టుకునే ముందు నన్ను అడగాల్సింది. తడిగుడ్డతో గొంతు కోసేవాళ్లని బోలెడుమందిని చూశాను. ఆ పేరు తనకు తానే పెట్టుకున్నదాన్ని నిన్నే చూస్తున్నా.

రెండోది. రాత పట్టేస్తాడని ఏడుపెందుకు. ఎడమచేత్తో రాయి. మా షెడ్డులో ఒకడు స్టోరు కీపర్ని తిడుతూ గోడ మీద ఎడమచేత్తో రాశాడు. నెల్లాళ్లు వెతికారు. పెద్ద ఇంజనీరు అందరిచేతా రాయించి చూశాడు. ఎవడో ఇవాళ్టికీ తెలీదు. నాకు తెలుసు, అది వేరే సంగతి.

మూడోది అసలైంది. నువ్వు రాసింది నిజమా కాదా. నిజమైతే దాక్కోవడమేమిటి. దొంగ దాక్కుంటాడు. నేను ఇన్నేళ్లు బాయిలర్ నడిపాను, ఎవడి చాటునా నిలబడి మాట్లాడలేదు. ప్రెజర్ ఎక్కువ పెట్టమని ఇంజనీరు అంటే, నువ్వే వచ్చి పెట్టుకో, నేను బయట నిలబడి చూస్తానని మొహాన చెప్పాను. వెళ్లి మేనేజరు మొహాన చెప్పు. మన ఇంట్లో పుట్టినదానివి.

అన్నం తిను. తినకుండా భయపడితే భయం ఎక్కువవుతుంది.

పెదనాన్న

*

ఫిబ్రవరి 14

పెదనాన్నకు,

మీ ఉత్తరం చదివి ముందు కోపం వచ్చింది. తర్వాత ఎడమచెయ్యి దగ్గర నవ్వొచ్చింది. నవ్వి చాలా రోజులైంది కాబట్టి కోపం వదిలేశాను.

మొహాన చెప్పమన్నారు. ప్రెస్సక్క చెప్పింది. కడ్డీ కావాలని రెండుసార్లు మేనేజరు మొహానే చెప్పింది. ఇప్పుడు ఆవిడ కాగితంలో తరచూ గొడవ పడే మనిషి అని రాసి ఉంది. మీకు బాయిలర్ ఉండేది పెదనాన్నా, మీరు చెయ్యి తీస్తే ఫ్యాక్టరీ ఆగేది. నేను చెయ్యి తీస్తే ఆ సాయంత్రానికి ఇంకో గుమాస్తా వస్తుంది. గదిలో నాతో ఉండే లెక్కల పిల్లే ఆ పని అడుగుతోంది.

ఎడమచేత్తో రాసినా ఉపయోగం లేదు. కంప్యూటర్లో అక్షరాలన్నీ ఒకలాగే పడతాయి, ఎవరి చేతిరాతా ఉండదు. ఆయన చూసేది మాట తీరు. ఎవరు ఏ మాటలు మళ్లీమళ్లీ వాడతారు, సంగతి ముందు చెప్తారా చివర చెప్తారా, ఒక్కో వాక్యం ఎంత పొడుగు లాగుతారు, ఇలాంటివి. కంప్యూటరుకిస్తే అది కూడి చెప్తుందట. ఆయన పట్టుకెళ్లిన కట్టలో చేరని నా పాత సెలవు చీటీలు కొన్ని ఫైల్లో మిగిలితే, దొంగతనంగా నేనే తీసి చూసుకున్నాను. ప్రతిదాంట్లో ‘ఏది ఏమైనా’ ఉంది. జ్వరం సంగతి చిట్టచివరి వాక్యంలో ఉంది, దానికి ముందు వాతావరణం, మా గది కిటికీ, అన్నీ ఉన్నాయి. పేజీలో తడిగుడ్డ రాసినవి చూస్తే అవీ అంతే. నాకే దొరికిపోయాను, ఆయనకి దొరకనా?

రాసింది తిరగరాసిపెట్టే యంత్రం కంప్యూటర్లోనే ఒకటి ఉంది. దానికిచ్చి చూశాను. నున్నగా తోమి ఇచ్చింది. అక్క వేళ్లు పోయిన సంగతి సబ్బు ప్రకటనలా తయారైంది. పెడితే కింద ఎవరో, ఇది కంపెనీవాళ్లే రాయించినట్టుంది అన్నారు. వెంటనే తీసేశాను.

ఇప్పుడు ఊరుకుందామంటే, తడిగుడ్డ నోరు మూసుకున్నాడు, అంటే అబద్ధమే అని మొదలుపెట్టారు. జనం మర్చిపోతే ఇన్‌స్పెక్టరూ మర్చిపోతాడు. ఇంకొక్కసారి రాయాలి, నాలా ఉండకూడదు, యంత్రంలానూ ఉండకూడదు.

మీరు చెప్పండి పెదనాన్నా. జరిగింది మీకు తెలుసు కదా. మీరైతే ఎలా చెప్తారో అలా రాసి పంపండి. నేను ఎక్కిస్తాను.

కందిరీగ

*

ఫిబ్రవరి 19

కందిరీగకి,

ఇన్నాళ్లకి నా మాట తీరు ఒకళ్లకి పనికొచ్చింది. మీ పెద్దమ్మ ఉన్నన్నాళ్లూ నీ నోరు పనికిరాని నోరు అనేది. ఉంటే చదివి వినిపించేవాణ్ణి.

ప్రెస్సక్క మొహాన చెప్పిందని నువ్వు ముందు రాయలేదు. రాసి ఉంటే నేను ఆ మాట అనేవాణ్ణి కాదు. సరే.

మా పనిలో షిఫ్టు అప్పజెప్పడం అని ఉంటుంది. నువ్వు దిగేటప్పుడు ఎక్కేవాడికి చెప్పాలి. దానికి ఒక వరస ఉంది. ఏది చెడిందో అది ముందు. తర్వాత దానికి నువ్వు ఏం చేశావో అది. చివర ఎక్కేవాడు ఏది కనిపెట్టి ఉండాలో అది. ఎవడు చెడగొట్టాడో చెప్పకూడదు. పేరు చెప్తే వినేవాడు ఆ పేరు పట్టుకుని తగువుకి పోతాడు, ఈలోపు బాయిలర్ పేలుతుంది. పేరు తర్వాత. పేరు ఎక్కడికీ పోదు. ఇది నేను కనిపెట్టలేదు, కానీ నాలాగా గట్టిగా పట్టించినవాడు లేడు. నా కింద నేర్చుకున్నవాళ్లు నిద్రలో కూడా అలాగే చెప్తారు.

నీ సంగతి అలాగే అప్పజెప్తున్నాను. రాసుకో.

‘రోలర్‌కి కడ్డీ లేదు. చెయ్యి తగిలితే మిషను ఆగాలి, ఆ కడ్డీ. అది గోడకి ఆనించి ఉంది. మనిషి చెయ్యి లోపలికి పోయింది. మిషను ఆగలేదు, ఆపేది లేదు కాబట్టి. ఆ దుప్పటి తెల్లగా లోపలికి పోయింది, తెల్లగా బయటికి రాలేదు. సాయంత్రం కడ్డీ బిగించారు. ఫొటో తీశారు. పొద్దున కడ్డీ గోడకే ఉంది. చేసింది: ఏమీ లేదు. కనిపెట్టి ఉండాల్సింది: రేపు ఆ మిషను దగ్గర నిలబడే మనిషిని.’

అంతే. ఇందులో ఒక్క మాట మార్చొద్దు. నీ ‘ఏది ఏమైనా’ ఎక్కడా దూర్చొద్దు. దూరిస్తే ఇంకోసారి రాయను. ఎక్కించాక ఎంతమంది చదివారో రాయి. గొప్పకి కాదు, ఊరికే తెలుసుకుందామని.

పెదనాన్న

*

మార్చి 2

పెదనాన్నకు,

ఒక్క మాట మార్చలేదు. యథాతథంగా ఎక్కించాను. ఇంతకుముందు నేను రాసినవన్నీ కలిపితే ఎంతమంది చదివారో దానికి పదింతలు చదివారు. ఆసుపత్రి నర్సులు దాన్ని అచ్చు తీసి దుప్పట్ల గది తలుపుకి అంటించారు. ప్రెస్సక్క మంచం మీద పడుకునే ఎవరి చేతనో చదివించుకుని, ఇది రాసినవాళ్లు అక్కడ నిలబడి చూశారమ్మా అందట. మీరు చూడలేదని నేను చెప్పలేదు. ఇన్‌స్పెక్టరు ఇరవై రెండున వస్తున్నాడు, ఖాయం.

కళ్లజోడాయన రెండు రోజులు అయోమయంగా తిరిగాడు. నేను ధైర్యంగా రెండు పూటలా తిన్నాను.

మూడో రోజు ఆయన మేనేజరుకి చెప్పిన మాట కాంటీన్ దాకా వచ్చింది. ఇది ముందు రాసిన మనిషి రాసింది కాదట. ఇది పాత బాయిలర్ మనిషి రాతట. మా బాయిలర్ గది నుంచి పాత షిఫ్టు కాగితాలు తెప్పించి పక్కన పెట్టుకున్నాడట. చెడింది ముందు, చేసింది తర్వాత, కనిపెట్టి ఉండాల్సింది చివర, పేరు ఎక్కడా లేదు. అచ్చు అదే తీరు.

మా బాయిలర్ చూసే ఆయన ఒకరున్నారు. సన్నగా ఊచలా ఉంటారు, బక్కాయన అంటాం. పదవీ విరమణకి ఇంకా మూడేళ్లుంది. ఎవరితోనూ మాట్లాడరు. ప్రెజర్ చూసే ముందు ఆ అద్దాన్ని గోటితో ఒకసారి కొట్టి అప్పుడు చూస్తారు. బాయిలర్ మొరాయిస్తే దానికి మేనత్త వరస కలిపి తిడతారు. ఎందుకండీ అని ఒకసారి అడిగితే, మా గురువుగారు అలాగే తిట్టేవారు, మేనత్తని తిట్టినట్టు తిడితేనే ఇది వింటుంది అన్నారు.

ఆయన్ని గదిలోకి పిలిచి గంటలకొద్దీ కూర్చోబెడుతున్నారు. ఆయనకి ఏమీ తెలియదు పెదనాన్నా. ఆ పేజీ ఎలా తెరవాలో కూడా తెలియదు. నా కళ్ల ముందే పట్టుకుపోతున్నారు, నేను దుప్పట్లు లెక్కపెడుతున్నాను. ఏం చెయ్యను?

కందిరీగ

*

మార్చి 6

కందిరీగకి,

నీ ఉత్తరం సగం చదివి నవ్వుకున్నాను. నర్సులు తలుపుకి అంటించారన్న దగ్గర పక్కింటి టైలరుని పిలిచి చదివి వినిపిద్దామనుకున్నాను. పిలవలేదులే, భయపడకు. మిగతా సగం చదివాక కూర్చుండిపోయాను.

మేనత్త వరస కలిపి బాయిలర్ని తిట్టేది నేను. గోటితో అద్దాన్ని కొట్టి చూడమని నేర్పింది నేను, లోపల ముల్లు ఇరుక్కుంటే అబద్ధం చెప్తుంది కాబట్టి. ఆ మనిషి బక్కోడు. పన్నెండేళ్లు నా కింద పనిచేశాడు. ఒంట్లో మాంసం లేదు, వీడేం బొగ్గు ఎత్తిపోస్తాడని నేనే వద్దన్నాను. అందరికంటే వాడే నిలబడ్డాడు. తర్వాత ఎటు పోయాడో తెలీదు. మీ దగ్గరే ఉన్నాడన్నమాట.

ఒక్క మాట మార్చొద్దని నీకు రాసింది నేను. నా తీరు లోకమంతా చూడాలని రాశాను. నా తీరు నా ఒక్కడిదే అనుకున్నాను. దాన్ని నేనే నలుగురికి పంచి పెట్టానని గుర్తు రాలేదు. నాకు గుర్తు రానిది ఆ కళ్లజోడువాడు పట్టుకున్నాడు.

ఆదివారం బస్సెక్కుతున్నాను. మీ గేటు దగ్గర నిలబడి అది రాసింది నేను, వాణ్ణి వదలండి అని చెప్తాను. కావాలంటే అక్కడే కూర్చుని మళ్లీ రాసి చూపిస్తాను. నువ్వు నన్ను తెలిసినట్టు చూడొద్దు.

పెదనాన్న

*

మార్చి 8

పెదనాన్నా,

రావద్దు. ఈ ఉత్తరం మీ వైపు వచ్చే బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను, మీరు బయల్దేరేలోపు చేరాలని.

మీరు వచ్చి నేను రాశానంటే, ఎక్కడో ఉన్న మీకు మా రోలర్ కడ్డీ సంగతి ఎవరు చెప్పారని అడుగుతారు. మీ ఇంటిపేరు అడుగుతారు. అది నా ఇంటిపేరే. అక్కడితో అయిపోతుంది.

ఇంకో సంగతి. నిన్న అందరినీ కాంటీన్‌లో కూర్చోబెట్టారు. మేనేజరు మీరు రాసిన ముక్క పైకి చదివాడు. కళ్లజోడాయన అందరి మొహాలూ చూస్తున్నాడు. నేను చేతిలో గ్లాసు పట్టుకుని ఉన్నాను, కింద పెట్టబోతే బల్లకి తగిలి చప్పుడైంది. ఆయన నావైపు తిరగబోయాడు. అప్పుడే బక్కాయన లేచి నిలబడ్డారు.

“అది నా రాతే,” అన్నారు. అని అలాగే నిలబడి ఉన్నారు.

ఆ సాయంత్రమే పనిలోంచి తీసేశారు. క్వార్టరు ఖాళీ చేయించారు. ఒక పెట్టె, ఒక చాప, ఒక రెంచి. నా పక్కనుంచే వెళ్లారు, నావైపు చూడలేదు. నా సంగతి ఆయనకి తెలిసిపోయిందనిపిస్తోంది. ఎప్పుడో కోపం వచ్చి చెప్పేస్తారని ఒకపక్క భయం, ఇలా భయపడుతున్నందుకు సిగ్గు ఒకపక్క.

మేనేజరు సంతోషంగా ఉన్నాడు గానీ కళ్లజోడాయన ఉండిపోయాడు. ముందు రాసినవి ఎవరివో తేలలేదు కదా. ఇప్పుడు క్వార్టర్స్‌కి వచ్చే ఉత్తరాలు గేటు గదిలో విప్పి చూస్తున్నారు. మేం పంపేవి కాదు, మాకు వచ్చేవి. మీ ఉత్తరం ఒక్కటి వాళ్ల చేతిలో పడితే చాలు. ఆ ముక్క పక్కన పెట్టగానే చిన్నపిల్లలు కూడా చెప్తారు ఒకే మనిషి అని. ఇంతవరకు వచ్చినవన్నీ ఆసుపత్రిలో ప్రెస్సక్కకి ఇచ్చాను. పరుపు కింద పెట్టుకుంది.

ఇకమీదట రాయాలంటే ఎవరో వేరే మనిషి రాసినట్టు రాయండి. లేదంటే రాయకండి.

కందిరీగ

*

మార్చి 15

కందిరీగకి,

ఇది పోస్టులో రావడం లేదు. ప్రెస్సక్క తమ్ముడు అక్కని చూడ్డానికి వెళ్తూ ఈ దారినే వచ్చాడు, వాడి చేతికిస్తున్నాను. అందుకే నాలాగే రాస్తున్నాను. వేరే మనిషిలా రాయమన్నావు. నాకు ఒకటే నోరుంది. దాంతోనే రాస్తాను, లేకపోతే మానేస్తాను. ఈ వయసులో ఇంకొకడి నోరు తెచ్చి పెట్టుకోలేను.

నీ గేటు దగ్గరికి రాలేదు. బక్కోడి కూతురిల్లు ఎక్కడో వాకబు చేసి అక్కడికి వెళ్లాను. ఇల్లు ఇరుకు. వంటింటికీ స్నానాల గదికీ మధ్య దారిలో వాడి చాప. అల్లుడు వాణ్ణి దాటుకుని వెళ్తూ ప్రతిసారీ గొంతు సవరించుకుంటాడు. నేను వెళ్లేసరికి తలుపు బందులకి నూనె వేస్తున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. జుట్టంతా తెల్లబడింది, ఒళ్లు మాత్రం ఆనాటిదే, ఒక్క రవ్వ పెరగలేదు.

కాఫీ తాగాక, నువ్వు రాయనిదాన్ని రాశానని ఎందుకు ఒప్పుకున్నావురా అని అడిగాను.

“నేను రాయలేదని నీకెలా తెలుసు?” అన్నాడు.

దొరికిపోయాను. ఇంత బతుకు బతికి వాడి ముందు అలా ఎప్పుడూ దొరకలేదు. వాడు నవ్వాడు. మేనేజరు చదువుతుంటే నేను పక్కన నిలబడి షిఫ్టు అప్పజెప్తున్నట్టే వినబడిందట. గురువు రాశాడని అప్పుడే తెలిసిందట. గురువు ఎక్కడో ఉన్నాడు, గురువుకి చెప్పిన మనిషి ఈ గదిలోనే ఉండాలి, ఆ మనిషి కోసం చూస్తున్నారు అనుకున్నాడట. అటువైపు ఎక్కడో గ్లాసు చప్పుడైందట. తల తిప్పితే ఎవరో కనబడతారని తిప్పకుండా లేచి నిలబడ్డాడట.

ఎవరో చెప్తానని నేనన్నాను. నాకు కడుపులో ఆగడం లేదు.

“చెప్పకు,” అన్నాడు. “తెలిస్తే రేపు ఎక్కడైనా ఎదురుపడినప్పుడు నా మొహంలో కనబడుతుంది. కడ్డీ బిగిస్తారా లేదా, అది చూడు.”

విన్నావా. కోపం వస్తుందని, చెప్పేస్తాడని నువ్వు భయపడ్డ మనిషి వాడు. నిన్ను చూడకుండా వెళ్లింది కోపంతో కాదు. నువ్వెవరో తెలుసుకోకూడదని.

వాడి ముందు నుంచి వచ్చేసరికి నాకు నడక సరిగా పడలేదు. మోకాలు కాదు.

పెదనాన్న

*

మార్చి 24

పెదనాన్నకు,

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ముందురోజే కడ్డీ బిగించి, రంగు కూడా వేయించారు. మేనేజరు ఆయన్ని రోలర్ దగ్గరికి తీసుకెళ్లి కడ్డీ చూపిస్తుంటే ఆయన వెనక్కి తిరిగి గోడ చూశాడు. కడ్డీ ఆనించిన చోట సున్నం గీరుకుపోయి రెండు గీతలున్నాయి. వాటికి రంగు వెయ్యడం ఎవరికీ తోచలేదు. కడ్డీ విప్పించి ఆ గీతల దగ్గర పట్టుకోమన్నాడు. సరిగ్గా సరిపోయింది. తర్వాత రోలర్ మీద పనిచేసే ఆడవాళ్లని ఒక్కొక్కరినే పిలిచి అడిగాడు. అందరూ ఉన్నది చెప్పారు. ఇక విప్పడానికి వీల్లేకుండా కడ్డీని అతికించేదాకా రోలర్ తిప్పకూడదని సీలు వేశాడు. ప్రెస్సక్క దగ్గరికి ఆయనే వెళ్లి మాట రాసుకున్నాడు. అజాగ్రత్త అన్న మాట కొట్టేశారు. అక్క ఆ విషయం చెప్తూ ఉన్న చేత్తో నా చెయ్యి పట్టుకుంది, చాలాసేపు వదల్లేదు.

ఇక్కడితో అయిపోయి ఉంటే ఈ ఉత్తరం ఇంకోలా రాసేదాన్ని. బక్కాయన్ని పంపేసే ముందు ఆయనచేత ఒక పేజీ రాయించుకున్నారు. కళ్లజోడాయన అది చూసి, ఈ రాత ఆ రాతకి చాలా దగ్గర చుట్టం, కానీ అదే కాదు అన్నాడట. అంటే ఇంకా వెతుకుతారు. ఇప్పుడు మేనేజరుకి కసి కూడా తోడైంది. సోమవారం మళ్లీ అందరినీ కాంటీన్‌లో కూర్చోబెడుతున్నారు.

నేను లేచి నిలబడదామనుకుంటున్నాను పెదనాన్నా. కడ్డీ పని అయిపోయింది. ఇప్పుడు నేను పోగొట్టుకునేది నా ఉద్యోగం ఒక్కటే. అక్కడ ఒక మనిషి దారిలో చాప వేసుకుని పడుకుంటే, నేను ఇక్కడ కిటికీ ఉన్న గదిలో పడుకుంటున్నాను. నిద్ర పట్టి కాదు, ఊరికే పడుకుంటున్నాను. నేను చెప్తే ఆయన్ని మళ్లీ పనిలోకి తీసుకుంటారో లేదో కూడా తెలియదు. ఇద్దరమూ పోతామేమో. అయినా చెప్పాలనిపిస్తోంది. చెప్పాలనుకున్నప్పుడల్లా కాళ్లలో చలి పుడుతోంది.

సోమవారంలోపు మీ మాట ఒకటి రావాలి. చేతికిచ్చి పంపడానికి ఎవరూ లేరు, అక్క తమ్ముడు వెళ్లిపోయాడు. పోస్టులోనే రావాలి. గేటు గదిలో విప్పుతారని మరిచిపోకండి. మీకు ఒకటే నోరని తెలుసు. రాయకపోతే రాయలేకపోయారని అనుకుంటాను.

కందిరీగ

*

మార్చి 28

గౌరవనీయులైన మీకు నమస్కారములు.

మీరు పంపిన లేఖ అందినది. అందలి విషయములు తెలుసుకొని మిక్కిలి ఆనందించితిని. ఇచ్చట అందరమూ ఆరోగ్యముగా ఉన్నాము. వాతావరణము చల్లగా ఉన్నది.

మీకు కాళ్లలో చలి పుట్టుచున్నదని వ్రాసినారు. ఈ చలి తగ్గువరకు లేచి నిలబడుట ఎంతమాత్రమూ మంచిది కాదు. సోమవారము నాడు మరీ జాగ్రత్త అవసరము. కూర్చొనియే ఉండవలెను. ఇది నా అభిప్రాయము మాత్రమే కాదు. అనుభవము కలిగిన మరియొక పెద్దల అభిప్రాయము కూడ ఇదియే. వారు ఈ మాటను రెండు పర్యాయములు వ్రాయమని కోరినారు. కూర్చొనియే ఉండవలెను.

ఆ పెద్దలు మనకు దూరపు బంధువులు. కొన్ని దినములుగా మా ఇంటనే నివసించుచున్నారు. నేనే వెళ్లి వారిని తీసుకొని వచ్చితిని. మొదట అంగీకరింపలేదు. తరువాత అంగీకరించినారు. వెనుక గది వారిది. ఆ గదికి కిటికీ కలదు. వారు చక్కగా నిద్రించుచున్నారు. నీటి మోటారు చెడియుండగా అడుగకయే బాగుచేసిరి. సాయంకాలములందు మేమిరువురము వాకిట కూర్చొని పాత సంగతులు ముచ్చటించుకొందుము. వారికి తిరిగి ఉద్యోగము చేయవలెనను కోరిక లేదు. ఎవరి మీదను కోపము లేదు. మీరెవరో వారికి తెలియదు. తెలుసుకొనవలెనని కూడ వారు అడుగలేదు.

కావున మీరు నిశ్చింతగా భుజించి, మీ ఉద్యోగమును శ్రద్ధతో నిర్వర్తించుకొనవలెను. మీ తోటి ఉద్యోగిని, చేతికి గాయమైన ఆమెను, అడిగితినని చెప్పవలెను.

ఈ లేఖను పక్కింటి టైలరు గారి పిల్లల పాఠ్యపుస్తకము ముందుంచుకొని వ్రాసితిని. ఆలస్యమైనందుకు మీరు నన్ను క్షమింపవలెను.

మీ క్షేమము కోరు
ఒక బంధువు